చీకటి గుడిసెలో ఈటె

చేపల వేటలో గాలానికి ఉన్న మర్యాద ఈటెకు ఏనాడూ దక్కలేదు. గాలం వేసుకుని గట్టున కూర్చున్నవాణ్ణి ఓర్పుగల మనిషిగా, ఈటె పట్టినవాణ్ణి మోటు మనిషిగా చూడటం లోకానికి అలవాటైపోయింది. ఉత్తర అమెరికాలో పెద్ద సరస్సుల చుట్టుపక్కల చలికాలంలో సాగే ఒక వేటకు ఈ చిన్నచూపు మరీ గట్టిగా తగిలింది. గడ్డకట్టిన సరస్సుకు కన్నం తొలిచి, దాని మీద వెలుతురు చొరబడని గుడిసె వేసుకుని, నీళ్లలోకి చూస్తూ కూర్చుని, కన్నం కిందికి వచ్చిన చేపను ఈటెతో పొడిచే వేట అది. దాన్ని అనాగరికమన్నారు, వేట మర్యాదకు విరుద్ధమన్నారు, చేపల జాతినే తుడిచిపెట్టేస్తుందన్నారు. కొన్నిచోట్ల నేరంగా కూడా చేశారు. ఈ వేట గురించి గడిచిన రెండున్నర శతాబ్దాల్లో దొరికే సాక్ష్యాలను వరసగా పెట్టి చూస్తే తేలే సంగతి ఈ మాటలకు పూర్తిగా ఎదురు. ఈ విద్యలో చేతి బలం పాలు చాలా తక్కువ. చూడటం, ఆగటం, అక్కర్లేని చేపను వదిలేయటం, నేర్చుకోవలసినదంతా ఇదే. ఆ సంగతి పట్టించుకోకుండా చేసిన చట్టాలు చేపను కాపాడటం కన్నా ఒక జాతి మనుషుల్ని వాళ్ల నీళ్ల నుంచి దూరం పెట్టటానికే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

మొదటి సాక్ష్యం ఒక వ్యాపారిది. న్యూజెర్సీలో పుట్టిన అలెగ్జాండర్ హెన్రీ బొచ్చుతోళ్ల వ్యాపారం కోసం 1761లో హ్యూరన్, మిషిగన్ సరస్సులు కలిసేచోట ఉన్న మిషిలిమాకినా కోటకు చేరాడు. రెండేళ్ల తర్వాత ఆ కోట అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే యోధుల చేతికి చిక్కినప్పుడు, అంతకుముందే అతన్ని సోదరుడిగా స్వీకరించిన వావటమ్ అనే ఒజిబ్వే పెద్దమనిషి పూచీపడి అతని ప్రాణం నిలబెట్టాడు. అంటే హెన్రీ ఈ మనుషుల్ని దూరం నుంచి చూసి రాసినవాడు కాదు. 1809లో న్యూయార్క్‌లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో అతను మంచు కింద ట్రౌట్ చేపల వేటను నింపాదిగా వర్ణించాడు. రెండు గజాల చుట్టుకొలతతో కన్నం తొలుస్తారు. దాని మీద చెట్టుకొమ్మలతో రెండడుగుల ఎత్తు గూడు కట్టి, వెలుతురు బొత్తిగా రాకుండా తోళ్లు కప్పుతారు. వేటగాడు బోర్లా పడుకుని తలను ఆ గూట్లోకి పెడతాడు. పదడుగుల కర్రకు బిగించిన ఇనుప ఈటెను ముందే నీళ్లలోకి దించి ఉంచుతాడు. కడుపులో సీసం నింపిన కొయ్యచేపను దారానికి కట్టి పది బారల లోతుకు వదులుతాడు. దారం లాగినప్పుడల్లా అది నిజం చేపలా ముందుకు కదులుతుంది. ట్రౌట్ దాని మీదికి దూకగానే చటుక్కున లాగేస్తాడు. చేప మళ్లీ తిరిగి వచ్చేలోపు కొయ్యచేపను పైకి తెచ్చి, ఈటెను వాటంగా పట్టుకుంటాడు. రెండోసారి వచ్చినప్పుడే పోటు.

ఈ వర్ణనలో పోటుకు దక్కింది ఒక్క వాక్యం. మిగిలినదంతా చీకటి గురించి, కొయ్యచేప గురించి. హెన్రీ తన సొంత వ్యాఖ్య చేర్చింది కూడా చీకటి దగ్గరే. నీటిపైన మెరిసే వెలుగే లోపలి వస్తువుల్ని కళ్లకు కనబడనివ్వదని, ఆ మెరుపును ఆపితే నీరు చాలా లోతు వరకు తేటగా కనబడుతుందని అతను రాశాడు. రెండడుగుల మందం మంచుగడ్డ కింద, మూడు బారల నీళ్ల అడుగున, చేపలతోబాటు వాటి నీడలు కదలడం తాను చాలాసార్లు చూశానన్నాడు. శాస్త్రం ప్రకారం అది అక్షరాలా నిజం. మంచుగడ్డ గుండా దిగే పగటివెలుగు సరస్సు లోపలంతా పరుచుకుంటుంది. గుడిసెలో చీకటి ఉంటే ఆ వెలుగు కన్నం గుండా పైకి వచ్చి, చీకటి హాల్లో సినిమా తెరలా నీళ్లు లోపలి నుంచి వెలుగుతాయి. పైన చీకట్లో ఉన్న మనిషి మాత్రం చేపకు కనబడడు. ఇంకో మేలు కూడా ఉంది. ఏటి గట్టు మీద నుంచి ఏటవాలుగా చూసేవాడికి చేప అసలు ఉన్నచోట కనబడదు, కాస్త పైకి, పక్కకి జరిగినట్టు కనబడుతుంది. నీటిని దాటేటప్పుడు కాంతి వంగడమే దానికి కారణం. అందుకే గట్టు మీది వేటగాడు కనబడే చేపకు కింద గురి పెట్టాలి. కన్నం మీద వంగి నిటారుగా కిందికి చూసేవాడికి ఆ పక్కదోషం ఉండదు. లోతు మాత్రం మోసం చేస్తుంది. ఎనిమిది అడుగుల లోతున ఉన్న చేప ఆరడుగుల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. గుడిసె, బోర్లా పడుకోవడం, కన్నం సరిగ్గా తల కింద ఉండటం, ఇవన్నీ కలిసి చూపులోని ఒక పెద్ద దోషాన్ని తీసేసి, ఒక చిన్న దోషాన్ని అనుభవానికి వదిలేస్తాయి. ఈ ఏర్పాటు చేసుకున్నవాళ్లు కాంతి సూత్రాలు పుస్తకంలో చదవలేదు. తరాల తరబడి కన్నంలోకి చూసి, ఏది పనిచేస్తుందో తేల్చుకున్నారు.

కొయ్యచేప సంగతి ఇంకా లోతైనది. మన పిట్టల వేటగాళ్లు వాడే దీమపు పిట్ట లాంటి దీమపు చేప అది. దానికి కొక్కెం ఉండదు, తినడానికి అందులో ఏమీ ఉండదు. దాని పనల్లా చేపను కన్నం కిందికి రప్పించి, కాసేపు అక్కడ తచ్చాడేలా చేయడం. ఒజిబ్వే చెక్కుడు పనివాళ్లు కొయ్యను చేప ఆకారంలో చెక్కి, కడుపు తొలిచి కరిగించిన సీసం పోస్తారు. సీసం ఎక్కువైతే రాయిలా మునుగుతుంది, తక్కువైతే తేలిపోతుంది, ముందుకో వెనక్కో జరిగితే తల వాల్చేస్తుంది. రేకు కత్తిరించి రెక్కలు గుచ్చుతారు. తోకను రవ్వంత ఒక పక్కకు వంచితే, దారాన్ని పైకి కిందికి ఆడించినప్పుడు చేప గుండ్రంగా తిరుగుతూ ఈదుతుంది. నీళ్లలో వేసి ఆడించి, మళ్లీ తీసి, తోకను వెంట్రుకవాసి సరిచేసి, మళ్లీ వేసి చూస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో షటాక్వా సరస్సు దగ్గరి వేటగాళ్లు తోకను తోలుతో చేసేవాళ్లు. మిషిగన్‌లో కాడిలాక్ పట్టణానికి చెందిన ఆస్కార్ పీటర్సన్ బతుకంతా ఇలాంటి చేపలు చెక్కాడు. ఇవాళ ఆయన చెక్కినవి జానపద కళాఖండాలుగా వేల డాలర్లకు అమ్ముడుపోతున్నాయి. అద్దాల బీరువాలో పెట్టిన దీమపు చేపను చూసి రంగుల్ని మెచ్చుకుంటాం గాని, దాని అసలు విలువ కడుపులో సీసం ఎక్కడ కూర్చుందన్నదాంట్లో ఉంది. ఈ ఆలోచన ఒక్క అమెరికాదే కాదు. సైబీరియాలో బైకాల్ సరస్సు చుట్టూ దొరికిన కొత్తరాతియుగపు రాతిచేపల్ని మంచు కింది వేటకు వాడిన దీమాలుగానే రష్యా పురావస్తువేత్త ఒక్లాద్నికోవ్ భావించాడు. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యుయిట్‌లు దంతంతో చెక్కిన బుల్లిచేపల్ని మంచుకన్నంలో ఆడించి, కకివాక్ అనే మూడు కొనల ఈటెతో పొడుస్తారు. ఆ ఈటెకు నడుమ ఒక కొన, అటూ ఇటూ కొమ్ముతో చేసిన రెండు వంగే చేతులు, వాటికి లోపలివైపు తిరిగిన ముళ్లు ఉంటాయి. చేప తగలగానే చేతులు విచ్చుకుని, మళ్లీ బిగిసి, జారిపోకుండా పట్టేస్తాయి.

ఇక పోటు. కొత్తవాడు చేసే మొదటి తప్పు ఈటెను విసరడం. బయటి నుంచి విసిరిన ఈటె నీటిని తాకగానే చప్పుడవుతుంది, అలలు లేస్తాయి, చూపు చెదురుతుంది, చేప ఉండదు. అందుకే ఈటె కొనలు ముందు నుంచీ నీళ్లలోనే ఉండాలి. చేప వచ్చాక, అది దీమాన్ని చూస్తున్నంతసేపూ, ఈటెను అంగుళం అంగుళం దాని మీదికి జరపాలి. ఈటె ముళ్లు ఒకే వరసలో ఉంటాయి గనుక ఆ వరస చేప వెన్నుకు అడ్డంగా రావాలి. వెన్ను పొడవునా వస్తే ఒకే ముల్లు గుచ్చుకుని కండ చీల్చుకుపోతుంది. గురి తలకు కాస్త వెనక. అక్కడ తగిలితే చేప వెంటనే సోలిపోతుంది. పొట్టకు తగిలితే గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. అన్నీ కుదిరాక ఈటెను బలంగా నొక్కనక్కర్లేదు, దాని బరువుతోనే దిగేలా చేతిలోంచి జారవిడవాలి. పిడికి కట్టిన తాడు చేతిలో ఉంటుంది. గంటల తరబడి కూర్చున్న వేటలో ఈటె కదిలేది ఒక్క రెప్పపాటు. గాలం పట్టినవాడి ఓర్పును పొగిడేవాళ్లు ఈ గుడిసెలో ఒక పూట కూర్చుంటే ఎవరి ఓర్పు ఎంతో వాళ్లకే తెలుస్తుంది.

ఈ పద్ధతిలో ఒక కట్టడి దానంతట అదే ఇమిడి ఉంది. గాలానికి తగిలిన చేపను పైకి తీశాక చూడొచ్చు, చిన్నదైతే వదిలేయొచ్చు. ఈటె తగిలిన చేపను వదలటం కుదరదు. కాబట్టి నిర్ణయమంతా పోటుకు ముందే జరగాలి. జాతి, పొడవు, తనకు అవసరమా కాదా, అన్నీ నీళ్లలో ఉండగానే తేల్చుకోవాలి. మిన్నెసోటాలో ఈటెతో పైక్ చేపను పట్టొచ్చు, మస్కీని పట్టకూడదు. రెండూ దగ్గరి చుట్టాలే. పైక్‌కు ముదురు ఒంటి మీద లేత మచ్చలు, తోక చివరలు గుండ్రం. మస్కీకి లేత ఒంటి మీద ముదురు చారలు, తోక చివరలు కోసు. పై నుంచి చూసేవాడికి వీపే ఎక్కువ కనబడుతుంది గనుక పక్క మచ్చలు తేలిగ్గా తెలియవు. ఇక్కడే ప్రత్యర్థుల వాదనలో నిజముంది: తొందరపడేవాడు మస్కీని పొడిచేస్తాడు, ఆ తప్పును దిద్దుకునే దారి లేదు. కాని ఆ నిజం విద్య రానివాడి మీద నేరమోపుతుంది గాని విద్య మీద కాదు. తోకను చూసేదాకా దీమాన్ని ఆడిస్తూ ఉండు, అనుమానముంటే పొడవకు, అనేదే ఇందులో మొదటి పాఠం. మరింత కనబడటానికి కొందరు సరస్సు అడుగున గుడ్డుపెంకులు చల్లుతారు. తెల్లటి నేల మీద చేప ఆకారం, పొడవు చక్కగా తెలుస్తాయి.

ఇంత కట్టడి ఉన్న వేట నేరం ఎలా అయింది? 1837లో, 1842లో ఒజిబ్వేలు అమెరికా ప్రభుత్వంతో ఒడంబడికలు చేసుకుని, ఇప్పటి విస్కాన్సిన్ ఉత్తరభాగాన్ని, మిన్నెసోటా, మిషిగన్‌లలో కొన్ని ప్రాంతాలను వదులుకున్నారు. నేల ఇచ్చారు గాని ఆ నేల మీద వేటాడే హక్కు, ఆ నీళ్లలో చేపలు పట్టే హక్కు ఇవ్వలేదు. 1837 పత్రం అడవి వరి ఏరుకునే హక్కును కూడా పేరుపెట్టి చెప్పింది. మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం చెరువుల్లో, వాగుల్లో చేపల మీద ఊరి ఉమ్మడి హక్కును గుర్తించినట్టే, ఇదీ ఉన్న హక్కును ఉన్నట్టు రాసుకోవడమే, కొత్తగా ఇచ్చిన దానం కాదు. అయినా విస్కాన్సిన్ రాష్ట్రం దాన్ని మన్నించలేదు. రాష్ట్రం ఏర్పడగానే ఆ హక్కులు పోయాయని 1908లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. రైలుమార్గాలతోబాటు నగరాల నుంచి సరదా వేటగాళ్లు ఉత్తరాది సరస్సులకు రావడం పెరిగిన కాలమది. వాళ్ల చేతిలో ఉన్నది గాలం. వాళ్ల వేటే మర్యాద అయింది, ఆకలి తీర్చుకోవడానికి పట్టినవాడి ఈటె దొంగతనం అయింది. చేపల్ని కాపాడే చట్టాలు అక్కర్లేదని నేననను. ఆ చట్టాలు ఏ పనిముట్టును ముందు నేరం చేశాయో, దాన్ని ఎవరు పట్టుకునేవారో కూడా చూడాలంటాను.

1974 మార్చి 8న ఫ్రెడ్ ట్రిబుల్, మైక్ ట్రిబుల్ అనే అన్నదమ్ములు, ఆదివాసులకు కేటాయించిన లా కూడరే రిజర్వేషన్‌కు చెందిన ఒజిబ్వేలు, చీఫ్ లేక్ మీద తమ రిజర్వేషన్ హద్దు దాటి, మంచుకు కన్నం తొలిచి ఈటెతో చేపలు పట్టారు. రాష్ట్ర అధికారులు కేసు పెట్టారు. మోపిన నేరాలు రెండు: ఈటె కలిగి ఉండటం, పేరు, చిరునామా రాయని గుడిసెలో ఉండటం. ఆ నీళ్ల చరిత్ర తెలిస్తే ఈ కేసు మరీ బాధ పెడుతుంది. 1923లో ఒక విద్యుత్ కంపెనీ కట్టిన ఆనకట్ట వల్ల నిండిన చిప్పెవా జలాశయంలో ఒజిబ్వేల ఊరు, సమాధులు, అడవి వరి పెరిగే మడుగులు మునిగిపోయాయి. ఆ జలాశయంలో కలిసిపోయిన సరస్సుల్లో చీఫ్ లేక్ ఒకటి. ఊరిని ముంచిన నీళ్లలో చేపను పొడిస్తే నేరమైంది. లా కూడరే ఒజిబ్వేలు ఫెడరల్ కోర్టుకెక్కారు. 1978లో ఓడిపోయారు. 1983 జనవరి 25న సెవెంత్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగరాసి, ఒడంబడికల హక్కులు చెక్కుచెదరలేదని ప్రకటించింది. దీన్నే వాయిట్ తీర్పు అంటారు. 1999లో మిల్ లాక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా, అయిదుగురు ఒకవైపు నలుగురు మరోవైపుగా, మిన్నెసోటా ఒజిబ్వేల హక్కును నిలబెట్టింది. ఇన్నేళ్ల వ్యాజ్యానికి తొలి కారణం మంచులో తొలిచిన ఒక కన్నం.

తీర్పు వచ్చాక అభ్యంతరం రూపం మార్చుకుంది. మంచు కరిగే వసంతకాలంలో ఒజిబ్వేలు రాత్రిపూట పడవల మీద దీపాల వెలుగులో వాలై చేపల్ని ఈటెతో పడతారు. 1980ల చివరి ఏళ్లలో ఆ పడవరేవుల దగ్గర వందలమంది గుమిగూడి తిట్లు తిట్టారు, రాళ్లు రువ్వారు. చేపను కాపాడాలంటే ఇండియన్‌నే, అంటే ఆదివాసినే, పొడవమని రాసిన అట్టలు పట్టుకున్నారు. చేపలు అంతరించిపోతాయన్నది వాళ్ల ప్రధాన వాదన. ఆ వాదనను లెక్కలతో తేల్చవలసిందే. ఫెడరల్, రాష్ట్ర, తెగల నిపుణులు కలిసి సరస్సుల్ని పరిశీలించి 1991లో నివేదిక ఇచ్చారు. చేపల నిల్వలు బాగానే ఉన్నాయని, తెగల ఈటె వేట వాటిని దెబ్బతీయలేదని అందులో తేలింది. తెగలవాళ్లు పట్టే వాలైలు గాలం వేటగాళ్లు పట్టేవాటితో పోలిస్తే కొద్ది మాత్రమే. పైగా ఒజిబ్వేలు 1984లోనే ఉమ్మడిగా ఒక మత్స్య, వన్యప్రాణి సంస్థ పెట్టుకున్నారు. వసంత వేటలో పట్టిన చేపల్ని రేవులోనే లెక్కపెడతారు, కొలుస్తారు. ఏ గాలం వేటగాడి బుట్టా ఇంత పరిశీలనకు గురికాదు.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం తెల్లవాళ్ల సరస్సులోనే ఉంది. స్టర్జన్ అనే పురాతన చేప పందొమ్మిదో శతాబ్దం చివర్లో పెద్ద సరస్సుల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని నాశనం చేసినవి వాణిజ్య వలలు, గుడ్ల వ్యాపారం, నదుల మీద ఆనకట్టలు. విస్కాన్సిన్ 1915లో స్టర్జన్ వేటను పూర్తిగా ఆపేసింది. 1931లో చట్టం మార్చి విన్నెబాగో సరస్సు మీద చలికాలపు ఈటె వేటకు మళ్లీ దారి తెరిచింది. అప్పటి నుంచి ప్రతి ఫిబ్రవరిలో వేలమంది గుడిసెలు వేసుకుని కూర్చుంటున్నారు. అయినా ప్రపంచంలో స్టర్జన్ ఎక్కువగా ఉన్న సరస్సుల్లో ఇది ఒకటి. 2010లో 212 పౌండ్ల, అంటే 96 కిలోల చేప ఇక్కడే దొరికింది. ఆడ స్టర్జన్ మొదటిసారి గుడ్లు పెట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది, ఆ తర్వాత కూడా ఏటేటా పెట్టదు. అందుకే ఈడొచ్చిన ఆడచేపలకు, ఈడురాని ఆడచేపలకు, మగచేపలకు విడివిడిగా హద్దులు పెట్టారు. హద్దుకు చేరితే వేట అక్కడితో ఆగిపోతుంది. పట్టిన ప్రతి చేపనూ ఆ రోజే నమోదు చేయించాలి. ముప్ఫై ఆరు అంగుళాలకు తక్కువైన చేపను పొడవకూడదు, ఆ కొలత కంటితోనే వేసుకోవాలి. సరస్సు నీళ్లు కలకబారిన ఏడు చాలామంది ఉత్తచేతులతో వెళ్తారు. కనబడనిదాన్ని పొడవలేరు మరి.

ఒజిబ్వేల చేతిలో ఉన్నది ఇప్పుడు కార్ఖానా ఈటె గనుక ఇది పాత ఆచారం ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. హెన్రీ చూసిన ఈటెకు 1760లలోనే ఇనుప మొన ఉంది, దీమంలో సీసం ఉంది. మెరుగైన వస్తువు దొరికితే తీసుకోవడం ఈ వేటకు మొదటి నుంచీ ఉన్న లక్షణం. గాలం వేటగాడి పడవలో సోనార్ యంత్రం ఉంటే అతని వారసత్వాన్ని ఎవరూ శంకించరు. చేపకు బాధ కదా అన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. బాధ ఉంటుంది. అయితే లోతు నుంచి గాలంతో పైకి లాగి, కొక్కెం ఊడదీసి వదిలిన చేపల్లోనూ కొన్ని చస్తాయి, అవి ఎవరి లెక్కలోకీ రావు. సరిగ్గా తగిలిన ఈటె త్వరగా చంపుతుంది, తప్పు తగిలిన ఈటె హింసిస్తుంది. కాబట్టి పోటు నేర్చుకోకుండా నీళ్ల మీదికి వెళ్లడం ఈ వేటలో అన్నిటికన్నా పెద్ద అపరాధం.

స్టర్జన్‌ను పవిత్రంగా చూసుకున్న మెనామినీ జాతివారి భూమి విన్నెబాగోకు ఎగువన, వుల్ఫ్ నది మీద ఉంది. షవానో దగ్గర ఆనకట్ట పడ్డాక చేపలు వాళ్ల దాకా రావడం ఆగిపోయింది. తరాలు గడిచాక, 1993లో రాష్ట్రం కొన్ని స్టర్జన్‌లను వాళ్ల వసంతకాలపు పండగకు ఇవ్వడం మొదలుపెట్టింది. దిగువన వేలమంది ఈటెలు పట్టిన సరస్సు చేపను తమ పండగకు మెనామినీలు అడిగి తీసుకోవలసి రావడం న్యాయం కాదు. విస్కాన్సిన్‌లో, మిన్నెసోటాలో స్థిరపడిన తెలుగువాళ్లు ఫిబ్రవరిలో విన్నెబాగో గట్టున చేపలు తూచే చోటికి తప్పక వెళ్లి చూడాలి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. వాళ్లకు ఆ చేపతోబాటు ఆ ఒడంబడికల గురించీ, ఆ ఆనకట్ట గురించీ చెప్పండి. ఎవరికైనా ఈటె పట్టాలనిపిస్తే స్టర్జన్ వేట లైసెన్సు అంతకుముందు అక్టోబరు 31లోగానే తీసుకోవాలి. మూడు నెలలకు పైగా వ్యవధి ఉంటుంది. దాన్ని పోటు నేర్చుకోవడానికి వాడుకోండి.